ఓడ జాబితాలో ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు

పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనూ, ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనూ ఉత్తర కోస్తా పల్లెల నుంచి ఆవిరి ఓడ ఎక్కి సముద్రం దాటినవాళ్ళు రెండు దారుల్లో వెళ్ళారు. కొందరు మద్రాసులోని కూలీల డిపోకు చేరి, ఐదేళ్ళ ఒప్పందానికి ఒప్పుకొని దక్షిణాఫ్రికాలోని నటాల్‌కో పసిఫిక్ దీవులైన ఫిజీకో పోయారు. అంతకు ఎన్నో రెట్ల మంది కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ రేవుల నుంచి డెక్కు టిక్కెట్టు మీద బర్మాలోని రంగూన్ పోయారు. మా వైపు ముసలివాళ్ళు దాన్ని రంగం అనేవారు. మొదటి దారిలో వెళ్ళిన కూలీకి మునిమనవడైన వాడు, ఈరోజు తలచుకుంటే, తన పూర్వీకుడు ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాల ఎత్తు ఉండేవాడో, ఒంటి మీద ఎక్కడ మచ్చ ఉండేదో, ఏ ఓడలో వచ్చాడో తెలుసుకోగలడు. రెండో దారిలో వెళ్ళిన మనిషి ఏ సంవత్సరంలో వెళ్ళాడో కూడా అతని సొంత మనవలకు తెలియదు.

పూర్వీకుల జాడ వెతకడం మీద మనవాళ్ళలో ఆసక్తి పెరిగింది, అందుకు సంతోషమే. అయితే ఆ వెతుకులాట అంతా కాగితం దొరికే చోటే జరుగుతోంది. కాగితం ఉన్నవాడే పూర్వీకుడు, లేనివాడు ఇంట్లో చెప్పుకునే కథ, అన్న తీరుగా తయారైంది. ఆ కాగితం ఎందుకు పుట్టిందో, కొందరి విషయంలో అసలు ఎందుకు పుట్టలేదో ఆలోచించకుండా చేసే వంశ పరిశోధన సగం పనే అవుతుందని నా వాదన. మిగిలిన సగం నటాల్ రేవైన డర్బన్‌లోనో ఫిజీ రాజధాని సూవాలోనో లేదు. ఇక్కడ, మన సబ్ రిజిస్ట్రార్ కచేరీల్లో, పాత కరణాల ఇళ్ళ అటకల మీద ఉంది. దాన్ని మనం పట్టించుకోవడం లేదు.

నటాల్ సంగతి ముందు చెబుతాను. 1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911లో ఈ వలసను నిలిపివేసేదాకా అక్కడికి వెళ్ళిన ఒప్పంద కూలీలు 1,52,184 మంది. వారిలో సుమారు మూడింట రెండు వంతుల మంది మద్రాసు మీదుగా వెళ్ళినవారే. తమిళులతో పాటు గంజాం, వైజాగపటం, గోదావరి, కృష్ణా, నెల్లూరు, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు అందులో ఉన్నారు. తెరచాప ఓడల కాలం గడిచాక ఉమ్లాజి, ఉమ్జింటో, ఉమ్కుజి, ఉమ్ఫులి వంటి బుల్లార్డ్ కింగ్ కంపెనీ ఆవిరి ఓడలు ఈ పనికి వచ్చాయి. డర్బన్ కుటుంబాలలో ఆ ఓడల పేర్లు ఇప్పటికీ ఇంట్లో మనుషుల పేర్లంత చనువుగా వినబడతాయి. ఫిజీకి వలస 1879లో మొదలైంది గాని మద్రాసు నుంచి కూలీలను పంపడం 1903లోనే ప్రారంభమైంది. 1916 నవంబరులో సట్లెజ్ అనే ఓడ చివరి విడతను దించేనాటికి మద్రాసు రేవు నుంచి అక్కడికి వెళ్ళినవారు సుమారు 15,000 మంది. కలకత్తా నుంచి ఫిజీకి తెరచాప ఓడకు రెండున్నర నెలల దాకా పట్టేది. ఆవిరి ఓడ నెల రోజుల్లో చేర్చింది.

ప్రతి కూలీకీ ఒక వలస పాసు ఉండేది. ఓడ పేరు, డిపో సంఖ్య, మనిషి పేరు, తండ్రి పేరు, వయస్సు, ఆడో మగో, కులం, ఎత్తు, ఒంటి మీది గుర్తులు, జిల్లా, తాలూకా లేదా ఠాణా, ఊరు, దగ్గరి బంధువు ఎవరు, పెళ్ళయి ఉంటే ఎవరితో అన్న గడులు అందులో ఉండేవి. డిపో డాక్టరు, వలసల సంరక్షకుడు సంతకాలు చేసేవారు. నటాల్‌లో దిగగానే కూలీకి ఒక సంఖ్య ఇచ్చేవారు. ఆ తరువాత అతని పెళ్ళి, పిల్లలు, యజమాని మార్పు, తిరుగు ప్రయాణం లేదా చావు ఆ సంఖ్య కిందే రాసుకునేవారు. ఈ జాబితాలను కంప్యూటర్లోకి ఎక్కించిన తరువాత డర్బన్‌లో ఎవరైనా తమ ముత్తవ్వ సంఖ్యతో మొదలుపెట్టి ఒక మధ్యాహ్నంలో ఆమె ఊరి పేరు దాకా వెళ్ళగలుగుతున్నారు. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ దేశాల ఒప్పంద కూలీల రికార్డులను 2011లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది కూడా.

ఇంత శ్రద్ధగా ఎందుకు రాశారు? కూలీని తోట యజమాని డబ్బు కట్టి తెప్పించుకున్నాడు. నటాల్‌లో మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, ఏటా ఒక షిల్లింగు పెంపు. ఐదేళ్ళు అతని శ్రమ యజమానిది. అనుమతి చీటీ లేకుండా తోట దాటి కనబడితే పట్టుకొని జైల్లో పెట్టవచ్చు. అలాంటప్పుడు పేరు మార్చుకొని తప్పించుకోకుండా ఉండాలంటే ఎత్తూ మచ్చలూ కావాలి. తన పూర్వీకుడి ఎడమ కాలి మీద మచ్చ ఉండేదని చదివి కళ్ళు చెమర్చే మనవడు, ఆ మచ్చను రాసినవాడు ఏ ఉద్దేశంతో రాశాడో కూడా తెలుసుకోవాలి. కాగితం ఎంత వివరంగా ఉంటే మనిషి అంత గట్టిగా కట్టుబడి ఉన్నాడని అర్థం. ఒప్పంద కూలీల జాబితాలు చదివేటప్పుడు ఈ మాట నేను ఎన్నడూ మరవను.

యజమానికి అక్కరలేని సంగతులు అందులో లేకపోవడానికీ కారణం ఇదే. మన వెతుకులాటకు వాటిలో అన్నిటికంటే పెద్ద లోటు ఇంటిపేరు. తెలుగువాడి వంశం ఇంటిపేరు మీద నడుస్తుంది. పెళ్ళి మాటల్లో మొదట అడిగేది అదే; ఏ ఊళ్ళో ఏ ఇంటిపేరువాళ్ళు ఎన్ని గడపలున్నారో ముసలివాళ్ళు నోటిలెక్కగా చెబుతారు. ఆ ఫారంలో ఇంటిపేరుకు గడి లేదు. అందుచేత ఓడ దిగిన మనిషి పేరే తరువాతి తరాలకు ఇంటిపేరైంది. అప్పలస్వామి మనవలు అప్పల్‌సామీలు, అప్పలరాజు మనవలు అప్పల్‌రాజులు అయ్యారు. నాయుడు, రెడ్డి అని ఉన్నవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. వైజాగపటం జిల్లా నుంచి ఉత్తర ఆర్కాటు దాకా నాలుగైదు కులాలవాళ్ళు నాయుడు అని రాసుకుంటారు కాబట్టి ఆ పేరుతో ఎక్కడికీ చేరలేము.

అయితే ఇంటిపేరు పోయిన చోట ఒంటిపేరు కొంత సాయం చేస్తుంది. దీన్ని విదేశాల్లోని వాళ్ళకు చెప్పేవారు తక్కువ. మన పల్లెల్లో పిల్లలకు దగ్గరలోని దేవుడి పేరో అమ్మవారి పేరో పెట్టేవారు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలం, సింహాద్రి అన్న పేరు కనబడితే ఆ మనిషి సింహాచలం చుట్టుపక్కల, అంటే నేటి విశాఖ, విజయనగరం, అనకాపల్లి, శ్రీకాకుళం జిల్లాల మనిషి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. నూకరాజు, నూకాలమ్మ అంటే అనకాపల్లి నుంచి తుని దాకా చూడాలి. పైడయ్య, పైడితల్లి అంటే విజయనగరం. మునెమ్మ, మునుస్వామి అని ఉంటే ఉత్తరం వదిలేసి చిత్తూరు వైపు తిరగాలి. ఊరి పేరు చదవలేనంతగా చెడిపోయిన పాసుల విషయంలో ఈ పేర్ల పద్ధతి నాకు జిల్లా గడి కంటే నమ్మకమైనదిగా తోచింది. తండ్రీ కూతుళ్ళ పేర్లు రెండూ ఒకే క్షేత్రాన్ని చూపిస్తే ఇక దాదాపు సందేహం అక్కరలేదు.

జిల్లా గడిని నమ్మడంలో ఉన్న చిక్కు చిన్నది కాదు. పాసు మీద ఉన్నవి ఆనాటి జిల్లాలు. గంజాం అన్న మాట చూసి ఇప్పటివాళ్ళు ఒడిశాకు వెళతారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోల్, అంటే మన శ్రీకాకుళం, గంజాం జిల్లాలోనే ఉండేది. తరువాత కొంతకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 1950లో సొంత జిల్లా అయింది. విజయనగరం జిల్లా 1979లో పుట్టింది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది కాబట్టి దానికి ముందు వెళ్ళినవాళ్ళ పాసుల మీద ఆ పేరే ఉండదు. ఉత్తర ఆర్కాటు అని చదివి తమిళనాడులో వెతికే తెలుగు కుటుంబాలు అందుకే తగులుతుంటాయి. ఇక 2022లో మళ్ళీ జిల్లాలు విడిపోయాక, ఒక పాసు మీది ఊరు ఇప్పుడు ఎక్కడుందో చెప్పడానికి పాత తాలూకా పటం, కొత్త మండలాల పటం పక్కపక్కన పెట్టుకొని కూర్చోవలసిందే.

డర్బన్‌కు చెందిన ఒక కుటుంబం పరిచయస్థుల ద్వారా నాకు ఉత్తరం రాసింది. వాళ్ళు వెతుకుతున్నది తమ ముత్తవ్వ ఊరును. గంజాం అన్న మాట పట్టుకొని వాళ్ళు ఒకసారి బరంపురం వచ్చి, అక్కడి చుట్టుపక్కల తిరిగి, ఏమీ దొరక్క వెళ్ళిపోయారు. పాసు నకలులో తాలూకా చికాకోల్ అని స్పష్టంగా ఉంది. చికాకోల్ అంటే శ్రీకాకుళం అని వాళ్ళకు చెప్పినవాళ్ళు లేరు. ఊరి పేరును గుమాస్తా తన చెవికి వినబడినట్టు ఇంగ్లీషులో రాశాడు. మా ప్రాంతంలో వలస, పేట, పాలెం అన్న చివర్లతో ఊళ్ళు కోకొల్లలు కనుక ఆ రాత రెండు ఊళ్ళకు సరిపోతుంది.

అంతకంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది వేరే సంగతి. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా చెప్పుకునే కథ ప్రకారం ఆమెను జాతరలో ఎవరో మాయమాటలు చెప్పి ఎత్తుకుపోయారు. పాసులో ఆమె పేరు ఒక్కటే ఉంది; భర్త గడి ఖాళీ; వెంట చిన్న పిల్లవాడు. చట్టం ప్రకారం కూలీని డిపోకు పంపే ముందు జిల్లాలోనే మేజిస్ట్రేటు ఎదుట నిలబెట్టి, ఇష్టపూర్వకంగా వెళుతున్నావా అని అడిగి నమోదు చేయాలి. ఆ కుటుంబం ఈ రెండింటినీ పక్కన పెట్టుకొని ఏది నమ్మాలో తెలియక బాధపడింది. మోసపోయిందనే కథలో ఆమెకు గౌరవం ఉంది. తానే నిర్ణయించుకొని బిడ్డను తీసుకొని వెళ్ళిందనడంలో వాళ్ళకు ఏదో చిన్నతనం తోచింది.

నా ఉద్దేశం వేరు. కూలీలను సేకరించే మనుషులు అబద్ధాలు చెప్పారనడానికి సాక్ష్యాలు ఉన్నాయి. నటాల్‌లో 1872 నాటి కూలీ కమిషన్ ఏర్పడింది తిరిగివచ్చిన కూలీల ఫిర్యాదుల మీదే. మేజిస్ట్రేటు ఎదుట అవునని తల ఊపడానికి, ముందే నేర్పి పంపిన సమాధానం చాలు. అంత మాత్రాన ఓడ ఎక్కిన ప్రతి ఆడమనిషీ మోసపోయినదే అనడం, మన ఊళ్ళలో ఆమెకు ఎలాంటి జీవితం ఉండేదో మరిచిపోవడమవుతుంది. కరువులో మొగుడు పోయి, అత్తింట చోటు లేక, పుట్టింటికి వెళ్ళే దారి లేక ఉన్న మనిషికి ఐదేళ్ళ కూలీ, రోజువారీ బియ్యం అన్న మాట ఎలా వినబడి ఉంటుంది? ఓడకు నూరుగురు మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన ఉండేది కాబట్టి, ఒంటరి ఆడవాళ్ళను వెతికి తెచ్చేవాళ్ళూ ఉన్నారు, వెళ్ళడానికి సిద్ధపడ్డవాళ్ళూ ఉన్నారు. ఆమె మోసపోయిందో, తెగించిందో, రెండూనో ఆ పాసు చెప్పదు. నేను వాళ్ళకు రాసింది ఇదే: ఆమెను బాధితురాలిగా మాత్రమే ఉంచితేనే గౌరవం నిలుస్తుందని అనుకోనక్కరలేదు.

ఇక మన వైపు పని. ఊరు ఏదో తేల్చాలంటే ఆ కాలపు ఊరి లెక్కలు కావాలి. రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ గ్రామాలైతే సెటిల్మెంటు రిజిస్టర్లు, రెండు భాషల్లో రాసిన భూమి రిజిస్టర్లయిన డైగ్లాట్లు ఉంటాయి. పట్టాదారు పేరు, తండ్రి పేరు వాటిలో చూడవచ్చు. మా ప్రాంతంలో చాలా ఊళ్ళు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందారీల కింద ఉండేవి. అక్కడ రైతు పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కింది 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత, ఊరి భూముల లెక్కల పుస్తకాలైన ఫెయిర్ అడంగళ్ళు తయారైనప్పుడే. ఓడ ఎక్కినవాళ్ళలో ఎక్కువ మందికి భూమే లేదు. భూమి లేనివాడు భూమి పుస్తకంలో ఎలా దొరుకుతాడు? జనన మరణాల నమోదుకు మద్రాసు రాష్ట్రంలో 1899లో చట్టం వచ్చింది. ఊరి మునసబు రాసిన ఆ పుస్తకాల్లో కొన్ని మిగిలాయి, ఎక్కువ భాగం చెద తిన్నది. 1984లో కరణం మునసబు పదవులు రద్దయినప్పుడు కాగితాలన్నీ అప్పగించాలన్నారు. పనికివచ్చేవని తోచినవి మండలాఫీసులకు వెళ్ళాయి. పాత ఎస్టేటు లెక్కలు, శిస్తు చిట్టాలు ఇళ్ళలోనే ఉండిపోయాయి. ఆ ఇళ్ళు పడగొట్టి అపార్టుమెంట్లు కట్టేటప్పుడు అవి ఎటు పోతున్నాయో చూస్తూనే ఉన్నాం. ఒకే మనిషికి సంబంధించిన కాగితాల్లో సముద్రానికి అవతలి సగం ప్రపంచ స్మృతిగా భద్రమవుతుంటే, ఇవతలి సగం పాత సామాను కొనేవాడి బండిలో పోతోంది.

ఇప్పుడు రంగం సంగతికి వస్తాను. ఇది మా ఇంటి సంగతి కూడా. మా నాన్నగారి తాత కళింగపట్నంలో ఓడ ఎక్కేవాడు. పంట కోతలయ్యాక వెళ్ళి, రంగూన్ బియ్యపు మిల్లుల్లో పని ముగిశాక వానలకు ముందు తిరిగివచ్చేవాడు. కొన్నేళ్ళు అక్కడే ఉండిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఆఖరిసారి వెళ్ళి రాలేదు. ఈ నాలుగు వాక్యాలకు మించి ఇంట్లో ఎవరికీ తెలియదు, చెప్పేవారిలో ఏ ఇద్దరి మాటా ఒకటిగా ఉండదు.

ఆ ఓడలు నడిపింది బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1856లో కలకత్తా, బర్మాల మధ్య టపా మోయడానికి మొదలైన ఆ సంస్థ, తూర్పు తీరం పొడవునా రేవు రేవుకూ ఆగుతూ మనుషులను ఎక్కించుకునేది. విశాఖపట్నం హార్బరు 1933లో గాని తెరుచుకోలేదు. అప్పటిదాకా ఓడ దూరంగా లంగరు వేస్తే పడవల్లో అలల మీదుగా వెళ్ళి ఎక్కవలసిందే, కాకినాడలోనూ అంతే. మేస్త్రి ముందుగా అప్పు ఇచ్చి, టిక్కెట్టు కొని, ఒక జట్టును వెంట తీసుకుపోయేవాడు. అక్కడి కూలీలోంచి ఆ అప్పు కోసుకునేవాడు. రేవులో మూటలు మోసేవాళ్ళు, మిల్లు కూలీలు, రిక్షా లాగేవాళ్ళు చాలామంది తెలుగువాళ్ళే. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే.

ఇంతమంది ప్రయాణం చేస్తే ఒక్క పేరైనా ఎందుకు మిగలలేదు? చట్టం దృష్టిలో వాళ్ళు దేశం దాటలేదు. 1937 ఏప్రిల్ 1 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. కళింగపట్నం నుంచి రంగూన్ వెళ్ళడం సర్కారుకు ఒక జిల్లా నుంచి ఇంకో జిల్లాకు వెళ్ళడం లాంటిదే. పాసు లేదు, సంరక్షకుడు లేడు, మేజిస్ట్రేటు లేడు. ఓడ కంపెనీకి కావలసింది డెక్కు మీద ఎన్ని తలలున్నాయన్న లెక్క. క్యాబిన్‌లో వెళ్ళే దొరల పేర్లు పత్రికల్లో అచ్చయ్యేవి, డెక్కు మీదివాళ్ళు ఒక అంకెగా మిగిలేవారు. రేవుల వారీగా రాకపోకల అంకెలు, బర్మాకు భారతీయుల వలస మీద 1941లో వెలువడిన బాక్స్‌టర్ నివేదికలో కనబడతాయి. అంకెల్లో మా ముత్తాత కూడా ఎక్కడో ఒకటిగా ఉండి ఉంటాడు. 1941లో ఇండియా, బర్మా ప్రభుత్వాలు వలసల మీద ఒప్పందం చేసుకొని అనుమతి పత్రాల పద్ధతి పెట్టబోయాయి. అది సరిగా అమలయ్యేలోగా డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు అరకాన్ దారినో, మణిపూర్ కొండల దారినో నడిచి వచ్చారు. దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. బర్మా నుంచి తిరిగివచ్చినవాళ్ళ గుర్తుగా విశాఖలో బర్మా క్యాంపు అన్న పేట ఉంది.

అందుకే రంగం వెళ్ళినవాళ్ళ జాడ తీయడం వేరే విద్య. జాబితా లేదు కాబట్టి, మనిషి లేని చోట్లను కాకుండా ఉన్న చోట్లను పట్టుకోవాలి. మా ఇంట్లో రంగం డబ్బుతో కొన్నదని చెప్పుకునే పొలం ఒకటి ఉంది. సబ్ రిజిస్ట్రార్ కచేరీలో దాని దస్తావేజు నకలు తీయించాను. కొన్నవాడుగా ముత్తాత పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, కులం, కాపురం ఉండే ఊరు, అన్నీ ఉన్నాయి. నటాల్ పాసు ఇవ్వని ఇంటిపేరు ఇక్కడ ఉంది. ఆ పొలం తాకట్టు కాగితాలు, విడుదల కాగితాలు కూడా వరుసగా చూస్తే, వేలిముద్ర అతనిదైన తేదీల్లో అతను ఊళ్ళో ఉన్నాడు. అన్నగారు అతని తరఫున వేసిన తేదీల్లో లేడు. ఆ లెక్కన రాకపోకలను రెండు మూడు నెలల తేడాతో పట్టుకోగలిగాను. ఆ తేదీలన్నీ ఓడల రుతువుకు, అంటే మార్గశిర పుష్యాల్లో వెళ్ళడానికీ, చైత్ర వైశాఖాల్లో రావడానికీ, చక్కగా సరిపోయాయి. భూమి కొనలేకపోయినవాడికి ఈ దారి లేదు. అలాంటివారికి మిషన్ చర్చిల రిజిస్టర్లు కొంత ఉపయోగపడతాయి. కెనడియన్ బాప్టిస్టులు 1874 నుంచి కాకినాడలో ఉన్నారు. బాప్తిస్మం, పెళ్ళి పుస్తకాల్లో మాల, మాదిగ కుటుంబాల పేర్లు సర్కారు పుస్తకాల కంటే ముందే కనబడతాయి. మేస్త్రి అప్పుల ప్రోనోట్ల మీద నడిచిన దావాలు మునసబు కోర్టు రికార్డుల్లో ఉండాలి. ఆ గదుల తాళాలు తీయించడమే కష్టం.

ఆఖరి ప్రయాణం సంగతి మాత్రం దస్తావేజులకు అందలేదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకొని, సమ్మె తీరాక బర్మావాళ్ళను తీసివేయడంతో 26వ తేదీన మొదలైన గొడవల్లో వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువ మంది మనవాళ్ళు. మా పెద్దమ్మ లెక్కలో ముత్తాత ఆ గొడవల్లో పోయాడు. మా చిన్నాన్న లెక్కలో అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. ఆయనకు సంబంధించిన చివరి వేలిముద్ర 1928 నాటిది. ఏ కథకూ అది అడ్డురాదు, ఏ కథనూ బలపరచదు.

ఇదంతా విని ఒక మిత్రుడు, ఉన్న జాబితాలను తక్కువ చేసి మాట్లాడుతున్నావని అన్నాడు. తక్కువ చేయడం లేదు. జాబితా ఒక్కటే వంశానికి రుజువుగా మారడం మీదే నా అభ్యంతరం. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ వెళ్ళినప్పుడు, అక్కడి భారత సంతతిలో ఏడో తరంవారికి కూడా, విదేశాల్లోని భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు అర్హత కల్పించే నిర్ణయాన్ని ప్రకటించారు. మంచిదే. మారిషస్‌లో మోకా పట్టణంలోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రికార్డులు భద్రంగా ఉన్నాయి కాబట్టి అక్కడివాళ్ళకు తరం తరం లెక్క చూపించడం సాధ్యం. రంగూన్‌లో నేటికీ మిగిలిపోయిన తెలుగు కుటుంబాలు ఏ పుస్తకం తెచ్చి చూపిస్తాయి? బానిసలాగా కట్టుబడి వెళ్ళినవాడి మనవడికి కాగితం ఉండి, సొంత టిక్కెట్టు మీద వెళ్ళినవాడి మనవడికి లేకపోవడం చరిత్ర చేసిన వింత. ఆ వింతను నేటి ప్రభుత్వ నిబంధనలు కొనసాగించనక్కరలేదు. ఊరివాళ్ళ వాంగ్మూలం, దస్తావేజు, చర్చి పుస్తకం, ఇంటిపేరు వంటి ఆధారాలు కలిపి చూసే పద్ధతి ఒకటి ఉండాలి.

చేయవలసినది పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. పాత గంజాం, వైజాగపటం, గోదావరి జిల్లాల తాలూకాలు, ఊళ్ళ పేర్లు ఆనాటి ఇంగ్లీషు రాతలో ఎలా ఉండేవో, ఇప్పుడు ఏ మండలంలో ఉన్నాయో చూపే ఒక పట్టిక కావాలి. రిజిస్ట్రేషన్ శాఖ పాత సూచికలను ఫొటోలు తీయించి అందరికీ అందుబాటులో పెట్టాలి. కరణాల ఇళ్ళలో మిగిలినవి సేకరించే పని విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు విద్యార్థులకు అప్పగించవచ్చు. డీఎన్ఏ పరీక్షల గురించి కూడా అడుగుతుంటారు. ఇక్కడి పల్లెల్లో పరీక్ష చేయించుకున్నవాళ్ళు లేనంతవరకు డర్బన్ మనిషికి డర్బన్ బంధువులే దొరుకుతారు.

డర్బన్ కుటుంబం వచ్చే చలికాలంలో రావాలనుకుంటోంది. రెండు ఊళ్ళనూ ముందుగా చూసి రమ్మని నన్ను కోరింది. మొదటి ఊళ్ళో రచ్చబండ దగ్గర నేను ఆమె పేరు, తండ్రి పేరు చెప్పీ చెప్పగానే, అవును మా వాళ్ళేనని ఇద్దరు ముగ్గురు ముందుకు వచ్చారు. దక్షిణాఫ్రికా నుంచి వస్తారట అనగానే ఇంకొందరు వచ్చారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని అనలేను. దూరం నుంచి వచ్చే మనిషిని ఒట్టి చేతులతో పంపడం ఇష్టంలేక అలా చెప్పేవాళ్ళు మన ఊళ్ళలో ఎక్కువ. రెండో ఊళ్ళో ఆ పేర్లు ఎత్తకుండా, ఇక్కడి నుంచి ఓడ ఎక్కినవాళ్ళు ఎవరైనా ఉండేవారా అని మాత్రమే అడిగాను. రంగం వెళ్ళినవాళ్ళ పేర్లు వరుసగా చెప్పారు. నటాల్ మాట ఎవరికీ తెలియదు. చంటిపిల్లవాడితో ఇల్లు వదిలిపోయిన ఒక కోడలి గురించి తన నాయనమ్మ చెప్పేదని ఒక ముసలామె అంది, పేరు గుర్తులేదంది. నేను ఆ కుటుంబానికి రెండు ఊళ్ళ సంగతీ ఉన్నది ఉన్నట్టు రాసి, మొదటి ఊరివాళ్ళు అడిగితే డబ్బులు ఇవ్వవద్దని, రెండో ఊరికి వెళ్ళినప్పుడు ముత్తవ్వ పేరు తామే ముందుగా చెప్పవద్దని కోరాను.